ఆపేవాళ్లు లేకపోతే స్వేచ్ఛ వచ్చినట్టేనా? సెప్టెంబరు 17 నుంచి హాస్టల్ గేటు దాకా

ఏటా సెప్టెంబరు రెండో వారం వచ్చేసరికి హైదరాబాద్‌లో ఒక పాత పంచాయితీ మళ్లీ మొదలవుతుంది. 17వ తేదీ పొద్దున సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో కేంద్ర ప్రభుత్వం ‘హైదరాబాద్ విమోచన దినం’ జరుపుతుంది. ఇది 2022లో మొదలైంది. అదే రోజు నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో రాష్ట్ర ప్రభుత్వం వేరే పండుగ చేస్తుంది. కేసీఆర్ హయాంలో దాన్ని ‘జాతీయ సమైక్యతా దినోత్సవం’ అన్నారు, కాంగ్రెస్ వచ్చాక 2024లో ‘ప్రజాపాలన దినోత్సవం’ అయింది. కమ్యూనిస్టులు మాత్రం ఆ రోజుల్లో సాయుధ పోరాటాన్ని తలుచుకుంటారు.

ఒక తేదీ గురించి ఇంత రచ్చ ఎందుకని విసుక్కునేవాళ్లు చాలామందే ఉన్నారు. పార్టీల లెక్కలు పార్టీలకు ఉంటాయి, నిజమే. కానీ ఆ రోజు ఎవరు, ఎవరి నుంచి, ఏ మేరకు స్వేచ్ఛ పొందారని అడిగితే మాత్రం ఒక్క జవాబు దొరకదు. ఆ చిక్కు చరిత్ర పుస్తకాల్లోనే ఉండిపోలేదు. అమ్మాయి హాస్టల్ టైమింగ్స్ మీద ఇంట్లో జరిగే గొడవలోనూ, డెలివరీ కుర్రాడు యాప్ మీద పడే చికాకులోనూ, గుళ్లో స్వామీజీ చెప్పే మోక్షంలోనూ అదే చిక్కు కనిపిస్తుంది.

ఒక తేదీ, ఎన్నో జ్ఞాపకాలు

1947 ఆగస్టు 15న దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. తెలుగు, మరాఠీ, కన్నడ జిల్లాలున్న హైదరాబాద్ సంస్థానం మాత్రం ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చేతిలోనే ఉంది. ఆ నవంబరులో ఆయన భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం (అప్పటిదాకా ఉన్న సంబంధాలనే కొన్నాళ్లు కొనసాగించే ఒప్పందం) చేసుకున్నాడు. ఏడాది తిరక్కుండానే, 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలోకి వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. జనం నోట్లో ఇది ‘పోలీసు చర్య’గా మిగిలింది.

నిజాం పాలన నిలవాలని ఆయుధాలు పట్టిన రజాకార్ల దాడిలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న కుటుంబానికి ఆ రోజు ముమ్మాటికీ విముక్తే. రజాకార్ల భయం హిందువులకే ఉండేదనుకోవడం కూడా పొరపాటు. సంస్థానం భారత్‌లో కలవాలని తన ఉర్దూ పత్రికలో రాసినందుకు సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో ఈ నగరంలోనే కాల్చి, చెయ్యి నరికి చంపారు.

ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ ప్రాంతాల ముస్లిం కుటుంబాలకు అదే నెల ఇంకోలా గుర్తుంది. నెహ్రూ ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ, పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు పోయి ఉంటాయని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు.

నల్గొండ రైతు కూలీ కథ మరోటి. 1946 జూలైలో కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు నేలకొరిగాక దొరల మీద కమ్యూనిస్టులు నడిపిన పోరాటం ఊరూరా పాకింది. గడీలు వదిలి పట్నం పారిపోయిన దొరలు, 1948 తర్వాత సైన్యం వెనకాలే ఊళ్లకు తిరిగొచ్చారు. నిజాం పోయాడు కదా అని పోరాటం ఆగలేదు, 1951 అక్టోబరు దాకా నడిచింది. ఈసారి ఎదురుగా నిలబడింది భారత ప్రభుత్వ బలగాలు.

ఇంకో సంగతి. ఎవరి పాలన నుంచి విముక్తి అంటున్నామో ఆ నిజామే 1950 నుంచి 1956 దాకా రాజప్రముఖ్ (గవర్నర్ లాంటి పదవి) హోదాలో కొనసాగాడు. ప్రజలకు ఓటు 1952లో గానీ రాలేదు. అప్పటిదాకా ముందు సైనిక గవర్నర్ జేఎన్ చౌధురి, తర్వాత ఐసీఎస్ అధికారి వెల్లోడి పాలించారు. ఎన్నికైన మొదటి ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు. ఆ ఏడాది సెప్టెంబరులోనే ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలన్న ముల్కీ ఉద్యమం మీద సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు.

ఈ జ్ఞాపకాల్లో ఏదీ అబద్ధం కాదు. ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్నకు జవాబు చెబుతున్నారు, అంతే.

మూడు ప్రశ్నలు

స్వేచ్ఛ గురించి రాజకీయ తత్వంలో జరిగిన చర్చను మూడు ప్రశ్నలుగా కుదించవచ్చు. నన్ను ఆపుతున్నదెవరు? ఎవరూ ఆపకపోయినా ఆ పని చేసే స్తోమత నాకుందా? పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయి?

మొదటిది అందరికీ తెలిసిందే. గొలుసు, జైలు, కర్ఫ్యూ, నిషేధం లేకపోవడం. 1958లో ఆక్స్‌ఫర్డ్‌లో ఐజయా బెర్లిన్ అనే తత్వవేత్త చేసిన ప్రసంగం తర్వాత దీన్ని ‘నిరోధం లేని స్వేచ్ఛ’ అనే అర్థంలో విడిగా చర్చించడం బాగా స్థిరపడింది. దానికి ఎదురుగా ఆయన ఇంకో రకం స్వేచ్ఛను పెట్టాడు: నా బతుక్కి నేనే యజమానిగా ఉండటం.

స్తోమత సంగతిని సూటిగా చెప్పింది అమర్త్య సేన్. ఆయన ఉదాహరణను మన నగరానికి తెచ్చుకుందాం. రంజాన్ నెలలో పాతబస్తీలో ఒక వ్యాపారి రోజా ఉంటాడు. అడ్డా మీద పని దొరకని కూలీ కూడా ఆ రోజు ఏమీ తినలేదు. డాక్టరు కొలిస్తే ఇద్దరి కడుపూ ఖాళీయే. కానీ వ్యాపారి తినగలిగీ మానుకున్నాడు, కూలీకి ఆ ఎంపికే లేదు. కూలీని తినొద్దని ఎవరూ ఆపలేదు కాబట్టి అతను స్వేచ్ఛగా ఉన్నాడంటే వినేవాళ్లు నవ్విపోతారు.

మూడో ప్రశ్న కొంచెం జారుడుది. యజమాని మంచివాడు, ఎప్పుడూ కొట్టడు, అడిగిందల్లా ఇస్తాడు. అయినా రేపు అతని మనసు మారితే నా గతేంటి? ఫిలిప్ పెటిట్ లాంటి తత్వవేత్తలు అంటున్నదిదే: ఇంకొకరి దయ మీద నడిచే స్వేచ్ఛ స్వేచ్ఛ కాదు, ఆ దయ ఎన్నేళ్లు నిలిచినా సరే. నా మటుకు నాకు మూడింటిలో ఎక్కువ పనికొచ్చే ప్రశ్న ఇదే. మన ఇళ్లలో, ఆఫీసుల్లో అన్నిటికంటే తక్కువగా అడిగేదీ ఇదే.

పది గంటల గేటు

మాదాపూర్‌లో లేడీస్ హాస్టల్‌లో ఉండే ఒక అమ్మాయిని ఊహించుకోండి. సూర్యాపేట నుంచి వచ్చింది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. హాస్టల్ గేటు రాత్రి పదికి మూస్తారు. వాచ్‌మన్ బల్ల మీద దారంతో కట్టిన పెన్నూ, ఒక రిజిస్టరూ ఉంటాయి. పేరు, రూమ్ నంబర్, అవుట్ టైమ్, ఇన్ టైమ్, చివర్న ‘రీజన్’ అనే గడి. పక్క సందులో బాయ్స్ హాస్టల్ గేటు రాత్రి ఒంటిగంటకు కూడా బార్లా తెరిచే ఉంటుంది.

మొదటి ప్రశ్నకు జవాబు తేలికే: గేటు ఆపుతోంది. కోజికోడ్ మెడికల్ కాలేజీ విద్యార్థినులు ఇలాంటి తొమ్మిదిన్నర గంటల నిబంధన మీదే 2022లో కేరళ హైకోర్టుకు వెళ్లారు. రాత్రిళ్లు ప్రమాదం మగవాళ్ల వల్ల అయితే ఆడపిల్లల్ని ఎందుకు లోపల పెడుతున్నారన్నది అక్కడ గట్టిగా నడిచిన వాదన.

ఇప్పుడు ఆ అమ్మాయి హాస్టల్ మానేసి ఫ్లాట్ తీసుకుందనుకుందాం. గేటూ లేదు, రిజిస్టరూ లేదు. కానీ మెట్రో ఆఖరి రైలు వెళ్లిపోయాక ఇల్లు చేరాలంటే క్యాబ్ తప్ప దారి లేదు, వీధి దీపాలు సగం వెలగవు. బ్యాచిలర్స్‌కి ఇల్లివ్వం అని ముగ్గురు ఓనర్లు అన్నాక దొరికిన ఫ్లాటు కాబట్టి అద్దె ఎక్కువ. ఆపేవాళ్లు పోయారు, స్తోమత పెద్దగా పెరగలేదు. హాస్టల్ నిబంధన సరైందే అనే తల్లిదండ్రులు చెప్పేదిదే. వాళ్ల భయాన్ని ఛాందసం అని కొట్టిపారేయడం నాకు సబబుగా తోచదు. అయితే వీధి భద్రంగా లేనప్పుడు సరిచేయాల్సింది వీధినా, అమ్మాయినా అన్న ప్రశ్న వాళ్లు ఎగ్గొడుతున్నారు.

ఇంకో మెట్టు పైకి వెళ్దాం. జీతం బాగా పెరిగింది, క్యాబ్ డబ్బులు కంపెనీ ఇస్తోంది. వాళ్ల నాన్న ఏ రోజూ గట్టిగా ఒక మాట అనలేదు. “మా అమ్మాయికి ఫుల్ ఫ్రీడమ్ ఇచ్చాం” అని చుట్టాలందరికీ చెబుతుంటాడు కూడా. ‘ఇచ్చాం’ అనే మాట దగ్గరే మూడో ప్రశ్న లేస్తుంది. ఇచ్చినవాళ్లు వెనక్కి తీసుకోగలరు. వేరే కులం అబ్బాయిని పెళ్లి చేసుకుంటానని ఆమె చెప్పిన రోజున ఆ సంగతి తేలుతుంది. ఇద్దరు మేజర్లు ఇష్టపడి చేసుకునే పెళ్లిని కుటుంబం గానీ కులపెద్దలు గానీ అడ్డుకోకూడదని శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. చట్టం ఇలా చెప్పాక ఆ అమ్మాయి స్వేచ్ఛ నాన్న మంచితనం మీద ఆధారపడదు, కనీసం కాగితం మీద. కాగితానికీ గడపకీ మధ్య ఎంత దూరముందో తెలుగు పేపర్ల జిల్లా ఎడిషన్లు చదివేవాళ్లకు చెప్పక్కర్లేదు.

దొర మంచివాడైతే?

“నీ బాంచన్ దొరా, కాల్మొక్త” అన్న మాట తెలంగాణలో ఒకప్పుడు పలకరింపు. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, ఎవరి పని వాళ్లు గడీకి ఉచితంగా చేయాల్సిందే. అదే వెట్టి. అప్పు కింద మనిషే పాలేరుగా తాకట్టు పడటాన్ని భాగేలా అనేవాళ్లు. దాన్ని అదుపు చేయడానికి 1936లో నిజాం ప్రభుత్వమే ఒక చట్టం తెచ్చింది. ఊళ్లో పటేల్, పట్వారీ, దొర ఒకే జట్టుగా ఉన్నప్పుడు ఆ చట్టాన్ని ఎవరు చదివి వినిపిస్తారు?

అప్పట్లోనూ మంచి దొరలున్నారనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. కరువొస్తే గింజలిచ్చాడు, పిల్ల పెళ్లికి చేయూతనిచ్చాడు అంటారు. నిజమే అయ్యుంటుంది. కానీ అలాంటి ఊళ్లో కూడా పొద్దున్నే లేచి దొర మొహం ఎలా ఉందో చూసుకుని బతకాల్సి వచ్చేది. మంచి దొర కింద వెట్టివాడికి దెబ్బలు తగ్గుతాయి, హక్కు మాత్రం రాదు.

రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. ఇక్కడ నాకు చాలా ముఖ్యమనిపించే తీర్పు ఒకటుంది. 1982 ఏషియాడ్ కోసం ఢిల్లీలో స్టేడియాలు కడుతున్న కూలీలకు రోజుకు 9 రూపాయల 25 పైసల కనీస వేతనం రావాలి. మధ్యలో జమాదార్లు అందులో రూపాయి కోసుకునేవాళ్లు. కొరడా పట్టి పని చేయించినవాళ్లు ఎవరూ లేరు, కూలీలు ఇష్టపడే వచ్చారు కదా అని వాదన. జస్టిస్ భగవతి ఒప్పుకోలేదు. కనీస వేతనం కంటే తక్కువకు మనిషి పని చేస్తున్నాడంటే వెనక ఏదో ఒత్తిడి ఉన్నట్టే, ఆకలి కూడా బలవంతమే, అది 23వ అధికరణం కిందికి వస్తుందని ఆ తీర్పు సారాంశం. అంటే స్తోమత ప్రశ్నను కోర్టు నిరోధం ప్రశ్నలోకి లాక్కొచ్చింది. దీని మీద అభ్యంతరం లేకపోలేదు. పేదరికం వల్ల ఒప్పుకున్న ప్రతి పనీ వెట్టే అయితే ఇక ఒప్పందానికి అర్థమేముంటుందని మార్కెట్ పక్షం వాళ్లు అడుగుతారు.

ఈ ప్రశ్న ఇప్పుడు బైకు మీద తిరుగుతోంది. రాత్రి తొమ్మిదింటికి ఏ బిర్యానీ హోటల్ ముందైనా డెలివరీ కుర్రాళ్లు గుంపుగా నిలబడి ఉంటారు. బాస్ లేడు, ఎప్పుడు కావాలంటే అప్పుడు లాగౌట్ అవ్వొచ్చు. డిగ్రీ చదువుకుంటూ సాయంత్రాలు మాత్రమే చేసేవాళ్లకు ఇది నిజంగానే పెద్ద వెసులుబాటు, అది దాచాల్సిన పని లేదు. ఇల్లంతా దీని మీదే నడిచేవాడికి లెక్క వేరు: ఇన్సెంటివ్ స్లాబ్ దాటేదాకా ఆపలేడు, రేటింగ్ పడితే ఆర్డర్లు తగ్గుతాయి, ఐడీ ఎందుకు బ్లాకైందో అడగడానికి ఎదురుగా మనిషే ఉండడు. దొరకైతే కనీసం మొహముండేది.

జైల్లో రామదాసు

గోల్కొండ కోటకు వెళ్లినవాళ్లకు గైడ్లు రామదాసు బందీఖానా చూపిస్తారు. పాల్వంచ పరగణా తహసీల్దారు కంచెర్ల గోపన్న, వసూలు చేసిన పన్ను డబ్బుతో భద్రాచలంలో గుడి కట్టించాడని గోల్కొండ సుల్తాను తానీషా ఆయన్ని అక్కడ పెట్టాడు. పన్నెండేళ్లున్నాడని సంప్రదాయం. శరీరం జైల్లో ఉన్నా మనసు రాముడి దగ్గరుంది కాబట్టి ఆయన స్వేచ్ఛాజీవి అని ప్రవచనాల్లో చెబుతుంటారు.

ఆ కీర్తనలు శ్రద్ధగా వింటే అంత తేలిగ్గా అనిపించదు. గోపన్న అక్కడ ప్రశాంతంగా ఏమీ కూర్చోలేదు. నగానట్రాకు ఎంతైందో వరహాల లెక్కతో సహా రాముడి మొహం మీదే అడిగాడు, ఎవరి సొమ్మని కులుకుతున్నావని నిలదీశాడు. తర్వాత దెబ్బలకు తాళలేక తిట్టానని బతిమాలుకున్నాడు. బయటికి రావాలని కోరుకున్నాడు. లోపలి స్వేచ్ఛ ఉంటే బయటి సంకెళ్లు లెక్కలోకి రావనే వాదానికి ఆయన సరైన సాక్షి కాదు. రెండూ కావాలన్న మనిషిగానే నాకు కనిపిస్తాడు. (ఆయన్ని బంధించిన తానీషా 1687లో ఔరంగజేబుకు చిక్కి, దౌలతాబాద్ కోటలో ఖైదీగానే పోయాడు.)

ఆధ్యాత్మిక స్వేచ్ఛ అంటే ఏమిటన్న దాని మీద మన సంప్రదాయాలే ఒక్క మాట మీద లేవు. అద్వైతంలో బంధానికి మూలం అజ్ఞానం. ఆత్మ ఎప్పుడూ ముక్తమే, ఆ సంగతి తెలియకపోవడమే సంకెల. తెలిసినవాడు బతికుండగానే జీవన్ముక్తుడు. రామానుజుల విశిష్టాద్వైతంలో జీవుడు భగవంతుడికి శేషం, అంటే ఆయనకు చెందినవాడు. ఆయన సేవే, కైంకర్యమే, ముక్తుడి ఆనందం. బౌద్ధంలో ‘నేను’ అని పట్టుకు వేలాడేదే తృష్ణకు ఆటపట్టు, అది ఆరిపోతే నిర్వాణం. సూఫీలు తనను తాను దైవంలో లీనం చేసుకోవడాన్ని ఫనా అన్నారు.

ఇక్కడ ఒక గట్టి వైరుధ్యం ఉంది. యజమాని ఎంత మంచివాడైనా అతని కింద ఉన్నవాడు స్వతంత్రుడు కాడన్నాం. మరి దాస్యమే మోక్షం అనేవాళ్ల మాటేమిటి? వైష్ణవుల జవాబు తీసిపారేసేది కాదు: దేవుడికి దాసుడైనవాడు ఇంకే మనిషికీ దాసుడు కానక్కర్లేదు. గురువు రహస్యంగా ఉంచమన్న మంత్రాన్ని, తనకు నరకం వచ్చినా సరే అందరికీ దక్కాలని గోపురమెక్కి చాటిన రామానుజుల కథలో ఆ తెగువ కనిపిస్తుంది. శంషాబాద్ దగ్గర ముచ్చింతల్‌లో 2022లో ఆవిష్కరించిన 216 అడుగుల విగ్రహానికి సమతామూర్తి అని పేరు పెట్టింది కూడా ఆ లెక్కనే. అటువైపు వాదన: దేవుడి పేరు మీద మాట్లాడేది చివరికి మనుషులే, పూజారో పీఠాధిపతో మౌల్వీయో. అప్పుడు పగ్గాలు మళ్లీ ఒక మనిషి చేతికే వస్తాయి.

గాంధీ స్వరాజ్యాన్ని ముందు తనను తాను ఏలుకోవడంగా చూశారు. అంబేడ్కర్ మరో కొస నుంచి వచ్చారు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో, జనవరి 26 నుంచి మనం వైరుధ్యాల జీవితంలోకి అడుగుపెడుతున్నామని హెచ్చరించారు: రాజకీయాల్లో సమానత్వం, సామాజిక, ఆర్థిక జీవితంలో అసమానత్వం. అలాగని ఆయన ఆధ్యాత్మికతను పక్కన పెట్టలేదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షల మందితో బౌద్ధం తీసుకున్నారు. ఆ రోజు జరిగింది రాజకీయమా, మతమా అని విడదీయడం ఎవరి వల్లా కాదు.

“నీ మంచికే” అనే వాదన

నా బతుక్కి నేనే యజమాని అన్నప్పుడు ఏ ‘నేను’ అన్నది అసలు చిక్కు. రాత్రి రెండింటికి ఫోన్లో రమ్మీ ఆడుతూ జీతమంతా పోగొట్టుకున్న మనిషిని తీసుకోండి. ఎవరూ బలవంతం చేయలేదు. పొద్దున లేచాక తనే చెంపలు వేసుకుంటాడు, సాయంత్రం మళ్లీ యాప్ తెరుస్తాడు. తెలంగాణ 2017లోనే చట్టం మార్చి ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటి మీదా పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేసింది. నిషేధం అతని స్వేచ్ఛను తగ్గించిందా, పెంచిందా? ఇతరులకు హాని లేనంతవరకు మనిషి జోలికి పోకూడదన్న తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ వారసులు తగ్గించిందనే అంటారు. అతని భార్యను అడిగితే ఇంకో జవాబు వస్తుంది.

బెర్లిన్ భయపడింది సరిగ్గా ఇక్కడే. నీలోని అసలు మనిషికి ఏం కావాలో నీకంటే నాకే బాగా తెలుసని ఒకరు అనడం మొదలుపెడితే అది రమ్మీ దగ్గర ఆగదు. కూతురి పెళ్లి ఆపే తండ్రీ అదే అంటాడు, పత్రికలు మూయించే ప్రభుత్వమూ అదే అంటుంది. వ్యసనానికి ఒక తేడా ఉంది, ఆ మనిషే తెల్లారాక ఆపమని అడుగుతాడు. పెళ్లి చేసుకుంటానన్న అమ్మాయి ఏ పొద్దునా అలా అడగలేదు.

కోర్టులు ఎంత దూరం వచ్చాయి

21వ అధికరణం జీవించే హక్కు, వ్యక్తిగత స్వేచ్ఛ గురించి చెబుతుంది. 1950లో ఏకే గోపాలన్ కేసులో, చట్టంలో రాసిన పద్ధతి పాటిస్తే చాలు, ఆ పద్ధతి న్యాయమైనదా అని అడగబోమంది సుప్రీంకోర్టు. ఎమర్జెన్సీలో, 1976 ఏప్రిల్‌లో, అక్రమంగా నిర్బంధించినా కోర్టు తలుపు తట్టే హక్కు లేదని నలుగురు జడ్జీలు అన్నారు, హెచ్‌ఆర్ ఖన్నా ఒక్కరే కాదన్నారు. 1978లో మేనకా గాంధీ పాస్‌పోర్టు కేసుతో గాలి మారింది: పద్ధతి న్యాయంగా, సహేతుకంగా కూడా ఉండాలి. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించి, 1976 తీర్పును తప్పని తేల్చారు.

ఆ తీర్పు ఇచ్చిన కొలబద్దను హైదరాబాద్ కెమెరాలకు పెట్టి చూడొచ్చు. నగరంలో పోలీసులు మొహాలు గుర్తుపట్టే సాంకేతికత వాడుతున్నారు. కరోనా కాలంలో రోడ్డు మీద పోలీసులు ఆపి, మాస్క్ తీయమని ఫొటో తీశారని ఒక సామాజిక కార్యకర్త తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. ఈ కెమెరాల వల్ల గొలుసు దొంగలు దొరుకుతున్నారు, రాత్రిళ్లు ఆడవాళ్లకు ధైర్యంగా ఉంటోందని సమర్థించేవాళ్లు అంటారు. అది స్తోమత వైపు వాదన, బలమైనదే. తప్పు చేయనివాడికి భయమెందుకని కూడా అడుగుతారు. ఆ మాట మాత్రం మంచి దొర కథలాంటిదే: ఇవాళ కెమెరా వెనక కూర్చున్నవాళ్లు మంచివాళ్లే అనుకుంటేనే నిలబడుతుంది. పుట్టస్వామి తీర్పు అడిగేది వాళ్ల మంచితనం గురించి కాదు. ఈ పనికి అనుమతిచ్చే చట్టం ఏది? ఏ అవసరం కోసం? ఆ అవసరానికి మించి ఎంతమంది మొహాలు, ఎన్నాళ్లు దాచిపెడుతున్నారు?